టీచరమ్మ కుర్చీ మెత్త

నా చిన్నప్పుడు, ఐదో తరగతి చదివే రోజుల్లో, నా రెండు చేతుల మీదా మోచేతుల దాకా ఎర్రగా గీరుకుపోయిన గీతలుండేవి. చూసినవాళ్ళు తుమ్మముళ్ళు గీరుకున్నాయనుకునేవారు. మా అవ్వ, అంటే మా అమ్మ, కూడా అట్లాగే అనుకుని పసుపు రాసేది. అవి ముళ్ళ గీతలు కావు. పొద్దున బడికి పోయే ముందు చేదబాయి దగ్గర ఇటుక పెంకతో నా చేతులు నేనే రుద్దుకునేదాన్ని. నా ఒంటి మీది నుంచి కల్లు వాసన పోవాలని.

మాది కోరుట్లకూ మేడిపల్లికీ నడుమ ఒక చిన్న ఊరు. మేము గౌండ్లవాళ్ళం, తాటిచెట్లెక్కి కల్లు గీసేవాళ్ళం. మా బాపు తెల్లారంగనే చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని తాళ్ళల్లోకి పోయేవాడు. పొద్దెక్కేసరికి లొట్టి నిండా కల్లుతో వచ్చేవాడు. మా వాకిట్లో ఆ వాసన ఉండేది, లేదని ఎందుకంటాను? అయితే పుట్టినప్పటి నుంచి ఉన్న వాసన కాబట్టి నాకు అది విడిగా తెలిసేది కాదు. స్నానం చేసి, ఉతికిన గౌను తొడుక్కుని, తలకు కొబ్బరినూనె పెట్టుకుని బడికి పోయిన పిల్ల మీద కూడా ఆ వాసన ఉంటుందా ఉండదా అనే ఆలోచనే నాకు ఎన్నడూ రాలేదు. మా టీచరమ్మ వచ్చిన తర్వాతనే వచ్చింది.

ఆమె జగిత్యాల నుంచి పొద్దటి బస్సులో వచ్చేది. ఒకప్పుడు ఊళ్ళు ఏలిన దొరల ఇంటి బిడ్డ. భూములు తగ్గినా ఆ ఇంటి పేరు తగ్గలేదు. నెత్తి నెరిసిన పెద్దమనుషులు కూడా ఆమెను 'మీరు' అనేవారు. నన్ను ఆమె ఒక్క దెబ్బ కొట్టలేదు. ఒక్క తిట్టు తిట్టలేదు. నేను నోటుబుక్కు దిద్దించుకోవడానికి బల్ల దగ్గరికి పోతే, తెల్లటి దస్తీ తీసి ముక్కుకు అడ్డం పెట్టుకునేది. నేను మళ్ళీ పోయి నా జాగలో కూర్చున్న తర్వాతే ఆ దస్తీ కిందికి దిగేది. అంతే, ఇంకేం చేసేది కాదు. నెల తిరిగేసరికి, నేను పక్కన కూర్చుంటే ముక్కు మూసుకోవడం పిల్లలందరూ నేర్చుకున్నారు. ఇంకో నెలకు నన్ను తలుపు పక్కకు జరిపింది, "గాలికి పోతది" అని.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే బాపు మొఖం ఎట్లా అవుతుందో నాకు తెలుసు. ఇటుక పెంక ఒక్కటే నాకు దొరికిన ఉపాయం.

ఆ వానకాలం మా అవ్వకు పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టింది. వండి పెట్టడానికి మా మేనత్త సిరిసిల్ల పక్కనున్న తంగళ్ళపల్లి నుంచి వచ్చింది. బాపుకు అక్క. ఆమె పెనిమిటి ఇంట్లోనే సాంచలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. ఆ చప్పుడు మధ్య మాట్లాడీ మాట్లాడీ అత్త గొంతు పెద్దదయింది. మామూలుగా మాట్లాడినా కొట్లాడినట్టే ఉండేది. చేతులు మాత్రం మెత్తనివి. బొంతలు, మెత్తలు, గౌన్లు ఏది కుట్టినా కుట్టు కనపడకుండా కుట్టేది.

వచ్చిన మూడో రోజే ఆమె నన్ను బాయి దగ్గర పట్టుకుంది.

"ఏంది బిడ్డా గది? తోలు వలుసుకుంటున్నవా?"

నేను పెంకను వెనక దాచుకున్నాను. ఆమె నా చెయ్యి గుంజి చూసింది. పసుపు రాసిన గీతల మీద కొత్త గీతలు. నాకు ఏడుపు ఆగలేదు. ఏడ్చుకుంటూనే అంతా చెప్పాను. అత్త అక్కడే బురదలో కూర్చుని నా మెడ, జుట్టు, గౌను అంచు వాసన చూసింది.

"నాకైతే సబ్బు వాసన తప్ప ఏం రాలే," అన్నది. కొంచెం ఆగి, "కని నేను గీ ఇంట్ల పుట్టినదాన్నే గద. నా ముక్కును నమ్మద్దు," అన్నది.

ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట నాకు ముచ్చటగా ఉంటుంది. కోపం నెత్తికెక్కిన మనిషి కూడా ముందు తన ముక్కునే అనుమానించింది.

అవ్వ కొంచెం లేచి తిరగడం మొదలుపెట్టిన తర్వాత అత్త నన్ను వెంటబెట్టుకుని తంగళ్ళపల్లి పోయింది. నాలుగు రోజులున్నాం. ఆ ఇంట్లో తాళ్ళెక్కేవాళ్ళు లేరు, తాగేవాళ్ళు లేరు. నూలు వాసన, గంజి వాసన, యంత్రాల నూనె వాసన తప్ప ఇంకేమీ లేదు. సాంచల మీద నేసిన నీలం బట్టతో అత్త నాకు కొత్త గౌను కుట్టింది. రోజుకు రెండుసార్లు కుంకుడుకాయతో తల రుద్ది స్నానం చేయించింది. ఐదో రోజు పొద్దున బయలుదేరి వచ్చి, ఇంటికి పోకుండా బడి ముందరే బస్సు దిగాం. "పో," అన్నది అత్త. తను కిటికీ పక్కన నిలబడింది.

నేను ఎంత ధైర్యంగా పోయానో చెప్పలేను. నా మీద ఏమీ లేదని ఆ రోజు నాకు ఖాయంగా తెలుసు. గడప దగ్గర నిలబడి "వచ్చిన టీచర్" అన్నాను. టీచరమ్మ తలెత్తి చూసింది. నేను ఇంకా లోపల కాలు పెట్టనే లేదు, దస్తీ ముక్కు మీదికి పోయింది.

"నాలుగు దినాలు మంచిగుండె," అన్నది పిల్లలతో. పిల్లలు నవ్వారు.

ఇంటికి పోయేదాకా అత్త ఒక్క మాట మాట్లాడలేదు. పెద్ద గొంతు మనిషి మాట్లాడకపోతే భయం వేస్తుంది. సాయంత్రం బాపుతో మాత్రం, "తమ్మీ, పులిసిన కల్లు పారబొయ్యకు. నాకు పనున్నది," అన్నది. పిండి పులియబెట్టడానికేమో అనుకున్నాను. మరునాటి నుంచి మా పెరట్లో బుట్టెడు పత్తి ఆరుతూ ఉండేది. అవ్వకు బొంత కుడుతున్నదేమో అనుకున్నాను. అంతకు మించి నేను చూడలేదు.

ఆ తర్వాత జరిగింది నాకు చాలా రోజులకు తెలిసింది. కాని మీకు వరుసగానే చెబుతాను. టీచరమ్మ కుర్చీ చెక్క గట్టిదని, నడుము నొస్తున్నదని, కోరుట్ల అంగట్లో ఒక మెత్త తెమ్మని బడి చప్రాసీకి చెప్పింది. చప్రాసీ సాయంత్రాలు మా బాపు దగ్గర కూర్చునేవాడు. ఆ మాట అత్త చెవిలో పడింది. మెత్త నేను కుట్టి ఇస్తాను, కోరుట్లలో తెచ్చానని చెప్పు, మా ఇంట్లో కుట్టిందంటే ఆమె ముట్టదు అన్నదట అత్త. ఆ మాట నిజమే కాబట్టి చప్రాసీకి అనుమానం రాలేదు. నాలుగు రోజుల పాటు పులిసిన కల్లులో నానబెట్టి, ఆరీ ఆరకుండా తీసిన పత్తిని అత్త అందులో కూరింది. పైన మాత్రం ఎర్రటి మంచి బట్ట, చుట్టూ తెల్లటి అంచు. చూస్తే కళ్ళు తిప్పుకోబుద్ధి కాదు. టీచరమ్మ ఆ మెత్తను ఎంతో మెచ్చుకుందట. "ఈ ఊళ్ళె గిసొంటి పని ఎవరికి వస్తది?" అన్నదట.

వానలు పడుతున్న రోజులు. గది చెమ్మగా ఉండేది. మనిషి కూర్చుంటే మెత్త వెచ్చబడేది. రెండు రోజుల్లో గదిలో వాసన మొదలయింది.

ఇదేమీ నాకు తెలియదు. నేను లెక్కలు దిద్దించుకోవడానికి బల్ల దగ్గరికి పోయాను. గుప్పున వాసన తగిలింది. కల్లు వాసన. పుల్లటిది, నిజమైనది. మా వాకిట్లో ఉండేదే. అప్పటి దాకా టీచరమ్మ మాట మీద నాకు ఏ మూలనో అనుమానం ఉండేది. ఆ క్షణంతో అది పోయింది. వాసన నాదే అనుకున్నాను. అంటే ఇన్ని రోజులూ ఆమె చెప్పింది నిజమే, మా అత్తదే అబద్ధం. ఆ సాయంత్రం నేను పెంకతో చేతులే కాదు, మెడ కూడా రుద్దుకున్నాను.

వాసన రోజురోజుకూ ఎక్కువయింది. టీచరమ్మ నన్ను తలుపు దగ్గరి నుంచి వరండాలోకి పంపింది. అయినా పోలేదు. వరండా చివరి స్తంభం దగ్గరికి పంపింది. అక్కడి నుంచి నల్లబల్ల సగమే కనపడేది. హెడ్‌మాస్టరు సారు ఒకసారి గదిలోకి వచ్చి, కుర్చీ పక్కనే నిలబడి, ముక్కు ఎగబీల్చి, నడిచి బయటికి వచ్చి నన్ను చూశాడు. అడుగు దూరంలో ఉన్న కుర్చీని చూడలేదు, ముప్పై అడుగుల దూరంలో ఉన్న నన్ను చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తు.

ఒక రోజు అత్త నన్ను బడికి పోనివ్వలేదు. పేలు చూస్తానని కూర్చోబెట్టింది. సాయంత్రం నా దోస్తు, పక్కింటి పిల్ల, ఉరికొచ్చి చెప్పింది. హాజరు పిలవడానికి పుస్తకం తెరుస్తూ, తలెత్తకుండానే టీచరమ్మ, "గా పిల్లను ఇంకింత దూరం కూసోమనుండ్రి," అన్నదట. "అది ఇయ్యాల రాలే టీచర్," అన్నారట పిల్లలు. టీచరమ్మ తలెత్తి వరండా దిక్కు చూసిందట. తర్వాత, "నిన్న కూసున్న జాగల ఉండిపోయినట్టున్నది, కడుగుండ్రి," అన్నదట. పిల్లలు బిందెలతో నీళ్ళు తెచ్చి, నేను కూర్చునే స్తంభం చుట్టూ కడిగారట.

అది విని అత్త నవ్వింది. అటువంటి నవ్వు అంతకు ముందు నేను చూడలేదు. నవ్వు ఆగిన తర్వాత, "ఇగ సాలు," అన్నది.

ఆ వారంలోనే తనిఖీ సారు బడికి వచ్చే రోజు వచ్చింది. పిల్లల తల్లిదండ్రులను కూడా రమ్మన్నారు. మా బాపు తెల్లంగి తొడుక్కుని, తల దువ్వుకుని వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అత్త ఆడవాళ్ళతో కూర్చుంది. నేను నా స్తంభం దగ్గర. తనిఖీ సారు పిల్లలతో ఎక్కాలు చెప్పించుకున్నాడు, పద్యం పాడించుకున్నాడు. చివరికి ఏమైనా ఇబ్బందులున్నాయా అని టీచరమ్మను అడిగాడు.

టీచరమ్మ మర్యాదగానే చెప్పింది. "కొందరు పిల్లలు ఇంటి వాసన బడికి తెస్తున్నరు సార్. మీరే చూడుండ్రి, గదిల కూసోలేకపోతున్నం. వాళ్ళను ఏరే కూసోబెట్టేటందుకు మీరు చెప్పాలె."

తనిఖీ సారు గాలి పీల్చాడు. "అవును, వస్తున్నది," అన్నాడు. గదిలోని తలలన్నీ నా వైపు తిరిగాయి. మా బాపు తల కిందికి పోయింది. ఆకాశమంత ఎత్తు తాటిచెట్టు మీద ఒక్క మోకు మీద నిలబడే మనిషి, మా బాపు, నేల చూపులు చూశాడు. నాకు అక్కడే చచ్చిపోతే బాగుండుననిపించింది.

అప్పుడు అత్త లేచింది. జనం నడుమ నుంచి తొక్కుకుంటూ వరండాలోకి వచ్చి, నా రెక్క పట్టుకుని తీసుకుపోయి సారు ముందర నిలబెట్టింది.

"సారూ, నీ కాళ్ళు మొక్కుత. దీన్ని వాసన సూడు."

"అదేందమ్మా..." అన్నాడాయన.

"సూడు సారూ. గింతమంది సూసిండ్రు, నువ్వు సూస్తె ఏమైతది?"

ఆయన కొంచెం వంగాడు. లేచి, కనుబొమలు ముడిచి, "ఈ పిల్లది కాదు," అన్నాడు మెల్లగా.

"కాదు గద," అన్నది అత్త. టీచరమ్మ వైపు తిరిగింది. "జర లెవ్వు టీచరమ్మా."

ఆమెను ఆ ఊళ్ళో ఒకరు 'నువ్వు' అనడం నేను అదే మొదలు వినడం. టీచరమ్మ లేచిందో, లేచి నిలబడేటట్టు ఆ గొంతే చేసిందో తెలియదు. అత్త మెత్త తీసి బల్ల మీద పెట్టి, బొడ్లో దోపుకొచ్చిన కత్తెరతో నడుమకు చీరింది. లోపల పత్తి పసుపు పచ్చగా ఉండలు కట్టి, అక్కడక్కడా నల్లగా బూజు పట్టి ఉంది. గది మొత్తం మా తాళ్ళ కిందికి వచ్చినట్టయింది. ముందు వరుసలో ఉన్నవాళ్ళు లేచి జరిగారు.

"కల్లు వాసనంటె గిది," అన్నది అత్త. "ఇరవై దినాలసంది నీ కింద ఉన్న గీ మెత్తల నుంచే వస్తున్నది. నేనే కుట్టిన, నేనే పంపిన. కొత్తబట్ట కట్టి, తానం పోసి తెచ్చిన పిల్ల గడప తొక్కకముందే నువ్వు ముక్కు మూసుకున్నవ్. లేని వాసన వచ్చింది గద, ఉన్నది పంపుదామనుకున్న. ఇరవై దినాలల్ల ఒక్క దినమన్న నీ మీద నీకు అనుమానం రాలేదా? ఈ పిల్ల రాని దినం సుత నీళ్ళు వోసి కడిగిపిచ్చినవ్!"

టీచరమ్మ చెయ్యి తనకు తెలియకుండానే చీర వెనక్కి పోయింది. అది చూసి వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొకరు. పిల్లలైతే బెంచీలు చరుస్తూ నవ్వారు, నన్ను చూసి నవ్విన పిల్లలే. నేను కూడా నవ్వాను. ఏడుస్తూ నవ్వాను.

"ఇది తప్పమ్మా, బడిలో ఇట్లాంటి పని చేయడం," అన్నాడు తనిఖీ సారు.

"తప్పే సారూ. రాసుకో," అన్నది అత్త. "రెండు తప్పులు రాసుకో కని."

ఆయన ఏమి రాసుకున్నాడో నాకు తెలియదు. నన్ను మాత్రం లోపల, ముందు వరుసలో కూర్చోబెట్టమని హెడ్‌మాస్టరుకు చెప్పి పోయాడు.

ఇంటికి వస్తుంటే బాపు మాకు పది అడుగుల ముందు నడిచాడు. సంతోషపడ్డాడో, భయపడ్డాడో చెప్పలేదు. అవ్వ మాత్రం, పెద్దోళ్ళతోని మనకెందుకని అత్తను కోప్పడింది. నేను అడగవలసింది వేరే ఉంది. అందరూ లోపలికి పోయిన తర్వాత వాకిట్లో అత్తను అడిగాను, నాకు ఎందుకు చెప్పలేదని.

"నీకు చెప్తె నీ మొఖం దాస్తదా? రెండో దినమే దొరికిపోతుంటిమి."

"నాదే అనుకున్న అత్తమ్మా," అని నా మెడ చూపించాను.

అత్త ఆ గీతలను చూసింది.  లోపలికి పోయి కొబ్బరినూనె తెచ్చి రాసింది. నేను రాయించుకున్నాను గాని, ఆమె తంగళ్ళపల్లి బస్సెక్కే దాకా ఆమెతో మాట్లాడలేదు. టీచరమ్మ మీద పగ తీర్చుకోవడానికి ఆమె నా తోలును వాడుకుంది. నన్ను అంత ప్రేమగా ఇంకెవరూ చూడలేదు, ఆ మాటా నిజమే. రెండూ నిజమే అని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏండ్లు పట్టింది.

టీచరమ్మ ఎటూ పోలేదు. ఆ ఏడాదంతా మాకు చదువు చెప్పింది. దస్తీ మళ్ళీ తీయలేదు. నన్ను మాత్రం ఒక్కసారి కూడా నేరుగా చూడలేదు. కాని ముందు వరుసలో కూర్చున్న నాకు ఒకటి కనపడేది. నల్లబల్ల మీద రాస్తూ రాస్తూ ఆగి, పిల్లలు చూడటం లేదనుకుని, కొంగు భుజం మీది నుంచి లాగి వాసన చూసుకునేది. బస్సు దిగి వచ్చినా అంతే, గడప దగ్గర ఆగి చూసుకునేది. ఏ వాసనా ఉండేది కాదు. అయినా చూసుకునేది. ఆమెకు కూడా తన ఒంటి మీద నమ్మకం పోయింది.

అది చూసి జాలిపడ్డానని రాస్తే బాగుంటుంది. పడలేదు. పదేండ్ల పిల్లను, రోజూ ఎన్నిసార్లు చూసుకున్నదో లెక్కపెట్టుకునేదాన్ని. లెక్క పెరిగిన రోజు అన్నం ఎక్కువ తినేదాన్ని. ఈ వయసులో కూడా ఆ సంగతి తలుచుకుంటే నా కడుపులో చల్లగానే ఉంటుంది. అది మంచి గుణం కాదని నాకు తెలుసు.

నేను చదువుకున్నాను. జగిత్యాలలో ఒక దవాఖానలో, రక్తపరీక్షల గదిలో ఇరవై ఏండ్లకు పైగా పనిచేశాను. ఒక పొద్దున నా బల్ల ముందరికి ఒక పెద్దమనిషి వచ్చాడు. అంగీ గుండీలు ఊడి ఉన్నాయి. రొమ్ము మీద, ముంజేతుల మీద కాయలు కాసి ఉన్నాయి. ఆ కాయలు తాళ్ళెక్కితే వస్తాయని నాకంటే బాగా ఎవరికి తెలుసు? మనిషి తూలుతున్నాడు. మాట ముద్దగా వస్తున్నది. చెమటలు కారుతున్నాయి. "పొద్దుగాల్నే తాగొచ్చినవా? బయట కూసో, దిగినంక రా," అన్నాను. నాకు వాసన కూడా వచ్చింది. ఒట్టు, వచ్చింది.

ఆయన ఏదో చెప్పబోయి, చెప్పలేక, బయట బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపటికి పక్కకు ఒరిగి కింద పడ్డాడు. నర్సులు ఉరికారు. చూస్తే ఒంట్లో చక్కెర పడిపోయింది. పరీక్షకు పరగడుపున రమ్మన్నారని రాత్రి నుంచి ఏమీ తినలేదట, షుగరు గోలీ మాత్రం వేసుకుని, మేడిపల్లి దిక్కు నుంచి బస్సులో నిలబడి వచ్చాడట. కల్లు మాని ఆరేండ్లయిందని ఆయన కొడుకు చెప్పాడు. గ్లూకోజు ఎక్కించిన తర్వాత కళ్ళు తెరిచి, నన్ను చూసి, "తిప్పలు వెట్టిన బిడ్డా," అన్నాడు. నేను దుప్పటి ఆయన మెడ దాకా లాగి నా గదికి వచ్చాను. 

ఆ రోజు నేను టీచరమ్మను క్షమించానని అనుకోకండి. ఆమె తప్పు ఆమెదే. నా తప్పు నాదే. కాకపోతే, తాళ్ళెక్కేవాడి బిడ్డకు తాళ్ళెక్కేవాడి మీద లేని వాసన వచ్చిందంటే, ముక్కు ఎవరి మాట వింటుందో నాకు అప్పుడు తెలిసింది.

అప్పటి నుంచి నా ముందరికి వచ్చిన ప్రతి మనిషినీ, పేరు చదవకముందే, మొఖం పూర్తిగా చూడకముందే, ఒక్క మాట అడగడం అలవాటు చేసుకున్నాను. "పొద్దుగాల ఏమన్న తిన్నవా?" అని. కొలువు దిగిపోయినా ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు కోరుట్లలో మా బిడ్డ ఇంట్లో ఉంటున్నాను. గ్యాసు బండ తెచ్చే అతన్నైనా, పెద్దగా అరుస్తూ వచ్చే పక్కింటి ఆమెనైనా, రోడ్డు మీద తూలుకుంటూ నడిచే మనిషినైనా నేను ముందు అదే అడుగుతాను. నా మనుమరాలి దోస్తులు, మీ అమ్మమ్మకు ఎంత ప్రేమ అంటారట. అది ప్రేమ కాదు, నా మీద నాకున్న అనుమానం. వాళ్ళు మాత్రం ప్రేమనే అనుకుంటున్నారు. నేను ఇంతవరకు దిద్దలేదు.